పురుగుల యింటి గవాక్షి

మార్గశిరము సగము గడచినది మొదలు సంక్రాంతి దాటువరకు మా సోమేనహళ్ళిలో తెల్లవాఱుజాము కఠినముగ నుండును. గుడిబండ కొండ వైపునుండి వీచు గాలి చెవులను కోయును. ఆవులు కొట్టము విడిచి రావు. ముసలివారు కంబళి కప్పుకొని అరుగుమీద ఎండ కొఱకు ఎదురుచూతురు. మనుష్యునకు కప్పుకొనుటకు కంబళి యున్నది, కడుపులో ముద్ద యున్నది, ఒంటిలో తనదైన వేడి యున్నది. ఈ మూటిలో చివరిది లేని ప్రాణులు లోకమున కొల్లలు. అట్టి ప్రాణులను ఇంటిలో నుంచుకొని చలికాలము దాటించుట మా సీమ రైతు కుటుంబములకు తరతరముల పని. ఆ పనిని గూర్చియు, అందు మేము చిన్ననాట చేసిన యొక తప్పును గూర్చియు ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయ దలచితిమి. ఇన్నాళ్ళకు వ్రాయ దలచుటకు కారణము ఒక పాము.

మా తమ్ముని కుమారుడు అమెరికాలోని మిషిగను రాష్ట్రమున ఉద్యోగము చేయుచు అక్కడనే స్థిరపడినాడు. అతని కుమార్తెకు పదునొకండేండ్లు. క్రిందటి చలికాలమున ఒక ఆదివారము రాత్రి, వారికి ఉదయము, ఆ పిల్ల ఫోనులో ముఖము చూపుచు మాతో మాటాడినది. యోగక్షేమములైన పిదప గొంతు తగ్గించి యిట్లు అడిగినది:

"తాతా, మా పాము మూడు రోజులనుంచి ఏమీ తినడం లేదు. చల్లగా పడుకొని ఉంది. నీకు చలికాలంలో పురుగుల్ని కాపాడడం తెలుసు కదా, దీన్ని ఎలా వెచ్చగా ఉంచాలి?"

పాము అను మాట వినబడగానే మా యింటి ఆడువారు చేతిపని విడిచి లేచి వచ్చిరి. వారి కలవరమునకు కారణము లేకపోలేదు. మా జిల్లాలోని విదురాశ్వత్థమున అశ్వత్థవృక్షపు తావున వేలకొలది నాగశిలలు వరుసలు తీరి నిలిచియున్నవి. అవి సంతానము కోరియు, సంతానము కలిగిన పిదప మ్రొక్కు తీర్చుటకును తరతరముల దంపతులు ప్రతిష్ఠించిన ఱాళ్ళు. శ్రావణమున పంచమినాడు పుట్టకు పాలు పోయు వంశమున పుట్టిన పిల్ల పామును గాజుపెట్టెలో నుంచి పెంచుచున్నదనిన ఏ ముత్తైదువ యోర్చుకొనును? మా యింటివారు ఫోను వైపు చూచి రెండు చేతులును జోడించిరి. అది పిల్లకో పామునకో మేము అడుగలేదు.

మేము వారిని సమాధానపఱచితిమి. మన దేశపు పాములను పట్టి యింట నుంచుకొనుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము తప్పు. పాములవాడైనను, పసిపిల్లయైనను చేయరాదు. ఆ పిల్ల పెంచుచున్నది మన పాము కాదు. అది ఉత్తర అమెరికా ఖండమున పుట్టి పెరుగు గార్టరు పాము. పూర్వము అచ్చటివారు మేజోళ్ళు జాఱకుండ కట్టుకొను చారల పట్టీకి గార్టరు అని పేరు; పాము ఒంటిపై నిలువుగ సాగు చారలను బట్టి దానికా పేరు వచ్చినది. సన్ననిది, రెండు మూడు అడుగుల పొడవునకు మించుట యరుదు. మనుష్యునకు ప్రాణాపాయము కలిగింపదు. వానపాములు, చిన్నచేపలు, కప్పలు దాని ఆహారము. గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. కెనడాలోని మానిటోబా రాష్ట్రమున నార్సిస్ అను చోట సున్నపురాతి నెఱ్ఱెలలో ఈ పాములు వేలకు వేలు చేరి, నేల గడ్డకట్టు లోతునకును దిగువన చలికాలము గడపును. వసంతమున అవి యొక్కసారిగ వెలికి వచ్చు దృశ్యమును చూచుటకు జనులు దూరదేశములనుండి పోవుదురు.

అంతటి చలిని ఓర్చు పామునకు వెచ్చదన మెందులకని యడుగవచ్చును. నెఱ్ఱెలో నిద్రించు పాము ఏమియు తినదు. ఇంటిలో మేల్కొని తినుచున్న పాము సంగతి వేఱు. మ్రింగినది అరుగుటకు వేడి కావలెను. వేడి లేనిచో ఆహారము కడుపులోనే చెడిపోవును. అందుచేతనే ఆ పాము తిండి మానినది.

పిల్ల ఫోనును త్రిప్పి పెట్టెను మాకు చూపినది. గాజుతొట్టి, పైన ఇనుపవల మూత, ఆ మూతమీద వేడినిచ్చు దీపము. గది చల్లగ నున్నదని, లోపలి వెచ్చదనము పైకి పోరాదని, తండ్రి ఆ మూత నంతటిని ఒక మందపు తువ్వాలతో కప్పియుంచెను. దీపపు గిన్నె అంచు ఆ తువ్వాల మడతను తాకుచుండెను.

"ముందు ఆ తువ్వాల తీయమ్మా! తీసెయ్!" అని మేము కేకవేసితిమి.

పిల్ల ఉలికిపడినది. మా యింటివారును ఉలికిపడిరి. అంత గట్టిగ మేము ఎన్నడును ఆ పిల్లతో మాటాడి యెఱుగము. తువ్వాలకు నిప్పంటుకొనునను భయము కొంత నిజమే. కాని ఆ కేకలోని మిగిలిన భయము ఏబదియేండ్లకు పైబడినది.

పాము, పట్టుపురుగు రెండును ఒంటిలో తగిన వేడిని పుట్టించుకొనలేని ప్రాణులే. చుట్టునున్న గాలి యెంత వెచ్చనో వాటి ఒళ్ళును ఇంచుమించు అంతే. అయినను వాటి నడుమ నొక భేద మున్నది. పాము కదలును. చలియైన వెచ్చని మూలకు ప్రాకును, వేడి హెచ్చిన చల్లని మూలకు మరలును. పట్టుపురుగు వేలయేండ్లుగ మనుష్యుని చేతిలో పెరిగి తట్ట విడిచి పోవుటయే మఱచినది. దాని చిలుకకు రెక్కలు వచ్చినను ఎగురలేదు. కావున పామునకు కావలసినవి రెండు తావులు. పురుగునకు కావలసినది మెలకువగల మనిషి.

మా సీమలో ఆ మెలకువ ఇంటింటి విద్య. టిప్పు సుల్తాను కాలమున, అనగా 18వ శతాబ్దము చివర, మైసూరు సీమలో నాటుకొన్న ఈ కృషి మన పల్లెలకు పాకి, శిడ్లఘట్టను గూళ్ళ సంతకు పేరుపొందిన పట్టణముగ చేసెను. 2007లో కోలారు జిల్లానుండి చిక్కబళ్ళాపుర జిల్లా వేఱుపడునాటికి, ఈ పరిసరమున తెలుగు మాటాడు ఇండ్లెన్నియో పట్టుపురుగు పెంపకముతో బిడ్డలను చదివించి పెండ్లిండ్లు చేసియుండెను. మన యిండ్లలో జోలపాట తెలుగు, బడి కన్నడము, పురుగుల యింటి భాష రెంటి కలగలుపు. పట్టు రేష్మె యయ్యెను, ఆకు సొప్పు అయ్యెను, పురుగు గూడు అల్లుకొను వెదురు తడక చంద్రికె యయ్యెను. పురుగు కుబుసము విడుచుటకై తిండి మాని తలయెత్తి కదలక నిలుచుటను రెండు భాషలవారును జ్వరమనియే యందురు. గ్రుడ్డునుండి గూటివరకు నాలుగు జ్వరములు, అయిదు దశలు, ఇంచుమించు ఇరువదియైదు దినములు. ఆ దినములలో పురుగు బరువు పదివేల రెట్లు పెరుగును.

అంత వేగముగ పెరుగు ప్రాణికి వేడి లెక్క తప్పరాదు. మొదటి దశలో 28 డిగ్రీలు, రెండవదానిలో 27, తరువాత దశకొక డిగ్రీ చొప్పున తగ్గించి అయిదవ దశకు 24 డిగ్రీలు తగును. గాలిలోని తేమ తొలుత నూటికి 85 మొదలు 90 పాళ్ళు, కడపట 70 పాళ్ళు. పుష్యమాసపు రాత్రి మా మట్టిగోడల యింటిలో వేడి 15 డిగ్రీల చెంతకు దిగును. అప్పుడు పురుగు ఆకు తినదు. ఇరువదియైదు దినములు ముప్పదికి సాగును. కొన్ని జ్వరమునకు కూర్చుండును, కొన్ని తినుచునే యుండును. ఒక్క తట్టలోనే రెండు వయసులు. తినని ఆకు తడిసి క్రింద పేరుకొనును. చలియు తేమయు కూడిన చోట సున్నకట్టు రోగము దిగును. చచ్చిన పురుగు సున్నపుముక్కవలె బిగిసి తెల్లబడును. ఈ రోగమునకు కారణము ఒక బూజు అని 1835లో ఇటలీదేశపు అగస్టీనో బాసీ చాటెను. ఒక ప్రాణి రోగమునకు కంటికానని సూక్ష్మజీవి కారణమగుట లోకమునకు మొదట తెలిసినవానిలో ఇదియొకటి.

ఆ నాటి యిండ్లలో చలికి మందు బొగ్గుల కుంపటి. పురుగుల గదిలో రెండు మూలల రెండు కుంపట్లు. వెలిగించు క్రమము మా అవ్వ చేతిది. తుమ్మబొగ్గులను పెరటిలో రాజేసి, పొగయంతయు పోయి నిప్పు ఎఱ్ఱబడిన పిదప లోనికి తెచ్చెడిది. పొగ పురుగునకు పడదు. నిప్పు ప్రక్క నీళ్ళకుండ నుంచెడిది, ఆకు వాడకుండుటకు. వేడి పైకెక్కును గనుక పైతట్టను క్రిందికి, క్రిందితట్టను పైకి జాముకొకమారు మార్చెడిది. ఉష్ణమాపకము మా యింట లేదు. తన చెంపను తట్టల ప్రక్కకు చేర్చి చూచెడిది. అన్నిటికన్న ముఖ్యమైన నియమము ఇంకొకటి. కప్పునకు దిగువ గోడలో జానెడు వెడల్పున ఒక రంధ్ర ముండెను. మా వారు దానిని గవాక్షి యందురు. ఎంతటి చలియైనను దానిని మూయరాదు.

"చలికి పురుగు నిదానమవతాది, అంతే. గాలి లేకుంటే నిలిచిపోతాది" అని అవ్వ చెప్పెడిది.

1960ల చివరి మాట. మాకు పదేండ్లు. ఆ పుష్యమాసమున పురుగులు రెండవ జ్వరము లేచినవి. అవ్వకు పది దినములుగ దగ్గు. రాత్రి మూడుమార్లు ఆకు వేయవలసి యుండుటచే ఆమె పురుగుల గదిలోనే, తట్టల ప్రక్కనే చాప వేసికొని పండుకొనెడిది. ఆ సాయంకాలము ఆమె దగ్గు విని మా మనసు నిలువలేదు. గవాక్షినుండి వచ్చు గాలి నేరుగ ఆమె తలమీదనే పడుచున్నది. రాత్రి అన్నము తిని అందఱును పండుకొన్న పిదప మేము పిల్లివలె గదిలోనికి పోయి, ఆకు మూటగట్టు గోనెపట్టను మడిచి, రోలెక్కి గవాక్షిలో క్రుక్కి వచ్చితిమి. అవ్వ అప్పటికే నిద్రపోవుచుండెను. ఆమెకు వెచ్చన, పురుగులకు వెచ్చన. మేము గొప్ప పని చేసితిమని తలచి హాయిగ నిద్రించితిమి.

రెండవజామున ఆకు వేయుటకు అవ్వ లేవలేదు. చప్పుడు వినబడకపోవుటచే మూడవజామున మా అమ్మ పోయి తలుపు తట్టెను. పలుకు లేదు. తలుపు నెట్టి చూడ, అవ్వ చాపమీదనుండి సగము జరిగి గడప వైపు తల పెట్టి పడియుండెను. లేవ ప్రయత్నించి పడినట్లుండెను. నాయనయు అమ్మయు చెఱియొక భుజము పట్టి అరుగుమీదికి ఈడ్చుకొని వచ్చిరి. ఊపిరి యున్నది, తెలివి లేదు. ఆ మంచుగాలిలో కొంతసేపునకు ఆమె కన్ను తెఱచెను. వాంతి చేసికొనెను. తల పగిలిపోవుచున్నదని రెండు చేతులతో పట్టుకొనెను.

ఆ గందరగోళమున ఎవరును చూడకుండ మేము మరల రోలెక్కితిమి. గోనెపట్టను లాగి అటుకమీద పడవైచితిమి. అవ్వ మాట మీఱితిమని దెబ్బలు పడునను భయము తప్ప అప్పుడు మాకు వేఱొండు తలంపు లేదు.

తెల్లవాఱునప్పటికి ఊరిపెద్దలు చేరిరి. గదిలోనికి పోయి తట్టలు చూచిరి. పురుగులు ఆకు లేక ఆకలిగొనియున్నవి గాని చావలేదు. ఆకు వేయగానే తలలెత్తి తినసాగినవి. అందఱును విచారించిరి. పట్టుపురుగుకన్న సుకుమారమైన ప్రాణి యేది? చుట్టపొగ సోకిన పడిపోవును, మందు చల్లిన ఆకు ముట్టిన చచ్చును. గదిలోని గాలియే చెడినదైన ముందు చావవలసినవి పురుగులు. అవి బ్రదికియున్నవి గనుక ఆ గదిలో దోషము లేదు. అట్లయిన ముసలమ్మను పడగొట్టినది మఱియొకటి.

ఆ మఱియొకటి యేదో కనుగొనుటకు వారికి ఎక్కువ సేపు పట్టలేదు. ముందటి సాయంకాలము ప్రక్కయింటి పెద్దమ్మ నిప్పు కొఱకు వచ్చి, పురుగుల గది గడపకడ నిలిచి, "పురుగులు ఎంత బాగా లేచినాయే!" అనెను. ఆమెకు బిడ్డలు లేరు. ఆడపడుచు కొడుకును పెంచుకొనుచుండెను. ఇంతకన్న ఋజువేమి కావలెను? దిష్టి యని ఒకరనిరి, చేతబడి యని ఒకరనిరి. మా నాయన కఱకు మనిషి కాడు, కాని ఆ దినము పదిమంది మాటకు లొంగెను. రెండిండ్ల పెరళ్ళ నడుమ దడిలో మనుష్యుడు దూఱునంత దారి యుండెను. మజ్జిగ, నిప్పు, చేటెడు బియ్యము, పండుగ పిండివంటలు అన్నియు ఆ దారిననే నడచెడివి. సాయంకాలమునకు ఆ దారిలో తుమ్మముండ్లు పడెను. ఆ పిమ్మట ఏ యింటనైనను పురుగులు చెడిన, ఊరిలో ఆమె పేరు వినబడెడిది. ఆమె యెవరి పురుగుల గడపకును పోవుట మానివేసెను.

అవ్వ ఇంక ఏడేండ్లు బ్రదికెను. తలనొప్పి మాత్రము ఆమెను విడువలేదు.

1980లలో మేము మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన శిక్షణ సంస్థకు తరబీతునకు పోయితిమి. 1961లో వెలసిన ఆ సంస్థ మా సీమకు క్రొత్త తెగల పురుగులను, క్రొత్త పద్ధతులను ఇచ్చినది. ఒకనాడు ఉపాధ్యాయుడు పురుగుల యింటి గాలిని గూర్చి పాఠము చెప్పుచుండెను. బొగ్గునకు చాలినంత గాలి అందక కాలునపుడు కార్బను మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగపోయి ఎఱ్ఱగ మెఱయు నిప్పునుండియు అది వచ్చుచునే యుండును. మన రక్తములోని ఎఱ్ఱని పదార్థము ప్రాణవాయువునకన్న రెండువందల రెట్లకు మించిన పట్టుతో దానిని పట్టుకొనును, విడువదు. నిద్రించువానికి ఏమి జరుగుచున్నదో తెలియదు. తలనొప్పి, వాంతి, కాళ్ళలో సత్తువ లేకుండుట, పిదప తెలివి తప్పుట.

అప్పుడు ఒక రైతు లేచి, "మరి పురుగులేల చావవు?" అని యడిగెను. ఉపాధ్యాయుడు నవ్వి, పురుగునకు మనవంటి ఎఱ్ఱని రక్తము లేదనెను. దాని ప్రక్కలనున్న తొమ్మిది జతల రంధ్రములనుండి సన్నని నాళములు గాలిని నేరుగ ఒళ్ళంతటికిని చేర్చును. కుంపటినుండి వచ్చు బొగ్గుపులుసు గాలి నూటికి రెండు పాళ్ళు మించిన, గంధకపు పొగ లేశమైన సోకిన అది చెడును గాని, మనుష్యుని పడగొట్టు ఆ కనబడని వాయువును చాలవఱకు తట్టుకొనును. "పురుగులు బాగున్నవి గదా యని మీరు ఆ గదిలో పండుకొనవద్దు" అని అతడు ముగించెను.

మేము ఆ దినము ఆపై ఒక్క అక్షరమును వ్రాసికొనలేదు.

ఆ పాఠముననే జపానుదేశపు కథయు వింటిమి. గున్మ ప్రాంతమున తజిమ యహేయి అను రైతు 1863లో కప్పు నడినెత్తిన గాలిగూడు పెట్టి, గాలి ధారాళముగ ఆడు పురుగుల యిల్లు కట్టెను. చలిదేశపు వారు కొందఱు నిప్పుపెట్టి వేడిచేసి పెంచెడివారు. ఒకరిది గాలి పక్షము, మఱియొకరిది నిప్పు పక్షము. ఆ ప్రాంతముననే తకయామ చోగొరో రెంటిని కలిపెను: చలివేళ నిప్పు, దానితోబాటు గాలికి దారి, వేళకు తగినట్లు తెఱచుట మూయుట. 1884లో వెలసిన తకయామ సంస్థ ఆ పద్ధతిని దేశమంతట బోధించెను. 2014లో ఆ రెండు తావులును తొమియోక పట్టుమిల్లుతో కూడ ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చబడినవి. మా అవ్వ జపాను పేరైనను వినలేదు. ఆమె నీళ్ళకుండయు, ఆమె గవాక్షియు ఆ పద్ధతికి దగ్గఱివే.

తరబీతు ముగిసి ఊరు చేరిన నాటి సాయంకాలము మేము ప్రక్కయింటికి పోయితిమి. దారి మూసియుండుటచే వీధి చుట్టి తలవాకిట నిలువవలసి వచ్చెను. పెద్దమ్మ అరుగుమీద చేటలో రాగులు చెఱుగుచుండెను. తల నెఱసినది. మేము ఎదుట కూర్చుండి గోనెపట్ట సంగతి ఆదినుండి చెప్పితిమి. రోలెక్కినది, క్రుక్కినది, తీసి దాచినది, నోరు మెదపనిది. ఆమె చెఱుగుట ఆపలేదు. అంతయు విని చాలసేపునకు ఇట్లనెను:

"మీ అవ్వకు చెప్పింటే బాగుండు గదప్పా. ఆయమ్మ పోయేవరకూ నన్ను చూసి తల వంచుకొని పోయ."

మా వద్ద సమాధానము లేదు. కొంతసేపునకు ఆమెయే, "చెప్పినావు గదా. కూచో, కాపీ తాగి పో" అనెను. ఆ మాట మా నాయనకు చెప్పితిమి. ఆయన మఱునాటి తెల్లవాఱుజామున కొడవలి తీసికొని పెరటిలోనికి పోయి ముండ్లు తొలగించెను. మరల పురుగుల వేళ వచ్చినపుడు మా అమ్మ స్వయముగ పోయి పెద్దమ్మను చేయి పట్టుకొని తట్టలకడకు తీసికొని వచ్చెను. ఆమె పురుగులను చూచి ఏమియు అనలేదు. మెచ్చుకొనుటకు ఇంకను భయపడుచుండెను.

ఇప్పుడు పురుగుల పెంపకము చాల మాఱినది. పల్లెలలో ఇంటికి వేఱుగ పురుగుల కొట్టములు వెలసినవి. తొలి ఎనిమిది తొమ్మిది దినముల లేతపురుగును చాకి కేంద్రములవారే పెంచి రెండవ జ్వరము లేచిన పిదప రైతున కిత్తురు. వేడి మిక్కిలి కావలసిన దినములు అట్లు ఇంటిబయటనే గడచిపోవును. 1990లలో మైసూరున రూపొందిన తెల్లగూటి సంకరజాతులు పట్టు ఎక్కువ ఇచ్చును, కాని నాటు మైసూరు పురుగువలె ఎండను చలిని ఓర్వవు. కావున రైతునకు వేడి చింత పోలేదు. మన కుటుంబములలో ఇంకను ఈ పని చేయువారున్నారు గనుక తెలిసిన నాలుగు మాటలు చెప్పుట మా విధి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి వలదు. పెట్టిన గదిలో మనుష్యుడు పండుకొనరాదు. పురుగులకే కాదు, బాలింత గదికిని ఇదియే మాట. విద్యుత్తు హీటరైన, కోరిన వేడికి తనంతట ఆగి తనంతట వెలుగు థర్మోస్టాటు గలది కావలెను. దానిని ఎండుటాకునకు, మైనపుకాగితమునకు, వెదురు తట్టలకు దూరముగ నుంచవలెను. ఉష్ణమాపకమును గోడకు గాక పురుగు ఎత్తున, పైతట్టకడ నొకటి, క్రిందితట్టకడ నొకటి వ్రేలాడదీయవలెను. హీటరు గాలిని ఎండించును, కావున నీళ్ళపాత్రయో తడిగోనెయో చెంత నుండవలెను. ఆ తడిగోనె తలుపునకు కట్టవచ్చును, గవాక్షికి మాత్రము కాదు.

ఆ ఆదివారపు రాత్రి ఫోనులో ఇంత కథ చెప్పుటకు వీలు లేకపోయెను. పామునకు కావలసినదానిని మాత్రము ఆ పిల్లయు మేమును కలిసి ఆలోచించితిమి. ఆ పిల్ల అప్పటికే గ్రంథాలయమునుండి పుస్తకములు తెచ్చి చదివినది. తండ్రికి తీరిక లేక సగమే అమర్చినాడు. వేడిపలకను పెట్టె క్రింద మూడవవంతు మేరకే, థర్మోస్టాటుతో నమర్చిరి. ఆ వైపు 30 డిగ్రీలు, ఎదుటి వైపు 22. రెండు వైపులను దాగుకొనుటకు చెఱియొక గూడు, లేనిచో భయపడిన పాము వెచ్చదనము విడిచియైనను చీకటిలోనే పడియుండును. లోపల పెట్టిన వేడిఱాతిని తీసివేసిరి. క్రిందినుండి కాలుచున్నను లేవక పడియుండి పొట్ట కాల్చుకొన్న పాములు కలవు. దీపమును కదలకుండ మూతకు పైన బిగించిరి. అయిదవనాడు పాము ఒక వానపామును తినెనని వార్త వచ్చినది. మా యింటివారు విని, "పోనీలే, ప్రాణి" అని దేవునిముందు దీపము వెలిగించిరి.

మఱుసటి వారము పిల్ల మరల అడిగినది: "తాతా, ఆరోజు ఎందుకు అంత గట్టిగా అరిచావు?" అప్పుడు చెప్పితిమి. అవ్వను, గోనెపట్టను, పెద్దమ్మను, ముండ్లను, దేనిని దాచలేదు. ఆ పిల్ల కొంతసేపు మౌనముగ నుండి, "చెప్పడానికి అన్ని సంవత్సరాలు ఎందుకు పట్టింది?" అనినది. పెద్దమ్మ కూడ అంత సూటిగ అడుగలేదు. తెలియని కాలమునకు తెలియకపోవుటయే కారణమని మొదట అంటిమి. పిదప ఆలోచించి, అది కొంతవఱకే నిజమనియు, గవాక్షి మూసినది మేమేనను మాట మైసూరు పాఠము లేకపోయినను చెప్పదగినదేయనియు ఒప్పుకొంటిమి.

అప్పటినుండి చలికాలమున ప్రతిరాత్రియు పండుకొనుటకు ముందు ఆ పిల్ల మాకు ఒక చిన్న వార్త పంపును. మాకు తెల్లవాఱి, కొట్టములో పురుగులకు తొలి ఆకు వేయు వేళకు అది వచ్చును. చేతులు తుడిచికొని అద్దములు పెట్టుకొని చదువుదుము. వెచ్చని వైపు 30, చల్లని వైపు 22. మూతమీద ఏమీ లేదు తాతా.